తీరవాణి వారి స్తంభాలకు కట్టిన మా మోకులు విప్పుకొనుట గురించి

కృష్ణా జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
మచిలీపట్నం.

మంగినపూడి దారిలోని పొన్నదిబ్బపాలెం గ్రామస్థుల తరఫున లంకే నాగబాబు రాసి ఇచ్చుకొన్న అర్జీ.

విషయం: తీరవాణి ఫైబర్ కంపెనీ వారు మా ఊరికి ఇచ్చిన ఉచిత ఇంటర్నెట్టును మాట తప్పి లాగేసుకొనుట – తిరిగి ఇప్పించుట – ఇప్పించని పక్షంలో జరగబోవునది ముందుగా తెలియజేయుట – గురించి.

అయ్యా,

ఇచ్చిన మాట మింగినవారి పేరు తీరవాణి ఫైబర్ కంపెనీ. దగ్గరుండి మింగించినవారి పేరు సదరు కంపెనీ బందరు ఏరియా మేనేజరు వరుణ్ గారు. మింగిన మాట ఇది: "మా స్తంభాలు మీ దిబ్బ మీద నిలబడి ఉన్నంత కాలం మీ ఇళ్ళకు నెట్టు ఉచితం." స్తంభాలు నిలబడే ఉన్నాయి. నెట్టు లేదు. వచ్చే గురువారం ఉదయం పదిన్నరకు లిఖిత అనే మా ఊరి పిల్ల చదువు ఆ తీగ మీదే ఆధారపడి ఉంది. అర్జీ మొత్తం ఇంతే. తొందర పనులున్న అధికారి ఇక్కడితో ఆపి ఆర్డరు వేయవచ్చును. తీరిక గలవారు, కోపం తెచ్చుకోగలవారు కిందివి కూడా చదవ ప్రార్థన.

1. స్తంభాలు వచ్చిన విధము.

మా ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక దిబ్బ ఉంది. వలలు ఆరేసుకునేదీ, చేపలు ఎండబెట్టుకునేదీ అక్కడే. బీచి పక్కన కొత్తగా లేచిన హోటళ్ళకు తీగ లాగడానికి దగ్గర దారి వెతుక్కుంటూ సదరు కంపెనీ వారు మా దిబ్బ దాకా వచ్చారు. వరుణ్ గారు స్వయంగా గంగాధరరావు గారి అరుగు మీద కూర్చున్నారు. గంగాధరరావు గారు మా కులపెద్ద. పడవల మధ్య తగువు వచ్చినా, తెగిన వల ఎవరిదో తేలకపోయినా ఆయన చెప్పిందే తీర్పు.

"స్థలానికి అద్దె ఏమిమ్మంటారండీ?" అని వరుణ్ గారు అడిగారు.

"అద్దెకివ్వడానికి అది నాది కాదు బాబూ, ఊరిది. ఊరికేదన్నా చెయ్యి."

"అయితే ఊరంతటికీ నెట్టు ఫ్రీ. స్తంభం ఉన్నన్నాళ్ళూ."

"ఎన్నాళ్ళుంటుందేంటి స్తంభం?"

"మిమ్మల్నీ నన్నూ దాటి ఉంటుంది పెద్దాయనా!" అని నవ్వి తాంబూలం పుచ్చుకున్నారు.

తాంబూలం పుచ్చుకున్న మనిషిని కాగితం అడగడం మా దగ్గర చెంప మీద కొట్టినట్టు లెక్క. నేను అడగమన్నాను. "కరపత్రాలు చదివి చదివి నీకు మనుషుల మీద నమ్మకం చచ్చిపోయిందిరా నాగబాబూ" అన్నారు గంగాధరరావు గారు. వినియోగదారుల హక్కుల మీద బందరు బస్టాండు దగ్గర పంచిన కరపత్రాలు నేను చదివినమాట నిజమే. 'అడగనివాడి హక్కు ఆవిరైపోతుంది' అని వాటిలో రాసి ఉన్నమాటా నిజమే. అయినా పెద్దాయన్ని ఇవాళ ఒక్క మాట అనను. నమ్మడం నేరమని ఏ కరపత్రంలోనూ లేదు.

2. బాక్సులు ఇచ్చిన విధము, మా కట్టుబాటు.

ఇంటింటికీ గోడకు తెల్ల బాక్సు బిగించి, బిగించిన కుర్రాళ్ళు ప్రతి గుమ్మంలో ఒకే పాఠం చెప్పారు: "ఇది కంపెనీ ఆస్తి. మీ సొంత వస్తువు కన్నా జాగ్రత్తగా చూసుకోవాలి." వాళ్ళకది నోటికొచ్చిన పాఠం. మావాళ్ళు దాన్ని మాటగా తీసుకున్నారు.

ఇక్కడ మా కట్టుబాటు ఒకటి తమరికి తెలియాలి. సముద్రం మీద గాలి లేచి పడవ బరువు తగ్గించాల్సి వస్తే, ముందు మన సామాను నీళ్ళలోకి విసరాలి. అడిగి తెచ్చుకున్న వల, పక్కవాడి తాడు, ఇంకొకరిది ఏదైనా సరే ఆఖరున. "పరాయి సొమ్ము ఒడ్డు చేరాలి, మన సొమ్ము మళ్ళీ చేసుకుందాం" అంటారు మా వాళ్ళు. దీన్ని తప్పినవాడి పడవలో ఇంకొకడు కాలు పెట్టడు. ఇది ఏ చట్టంలోనూ లేదు. మా ఒంట్లో ఉంది.

3. తుఫాను నాడు జరిగినది.

మొన్నటి తుఫానుకు ఊరు ఖాళీ చేసి షెల్టరుకు వెళ్ళమని తమరి కార్యాలయం నుంచే హెచ్చరిక వచ్చింది. వెళ్ళాం. బయల్దేరేముందు గంగాధరరావు గారు వీధి మొదట్లో నిలబడి ఒకటే కేక: "కంపెనీ బాక్సులు ముందు! పరాయి సొమ్మర్రా!"

లిఖిత నాయనమ్మ వీరమ్మ గారు బందరు మార్కెట్లో చేపల బుట్ట దించి అమ్ముకునే మనిషి. ఆవిడ బాక్సును పాలిథిన్ కవరులో చుట్టి, ఇత్తడి బిందెలో పెట్టి, పైన గుడ్డ కట్టి నెత్తికెత్తుకుంది.

"అత్తా, బియ్యం డబ్బా?" అంది కోడలు సునీత.

"బియ్యం మనయ్యే. నడు."

ఆ రోజు మా ఊరి ఆడవాళ్ళు బిందెల్లో, బుట్టల్లో, ఒకావిడైతే పసిపిల్ల ఉయ్యాల గుడ్డలో, తీరవాణి వారి ఆస్తిని వానలో మోసుకుంటూ నడిచారు. మగవాళ్ళం దిబ్బ మీద ఆగాం. ఇసుకలో స్తంభాలు తాగినవాడిలా ఊగుతున్నాయి. పడవలు కట్టుకోవలసిన మోకులు తెచ్చి ఆ స్తంభాలకు చుట్టి, తాడిచెట్ల మొదళ్ళకు బిగించి, ఆఖరున షెల్టరు చేరాం. సునీత భర్త పున్నారావు బావ తన పడవ మోకు కూడా ఇచ్చేశాడు. ఆయన పడవ కొట్టుకుపోయి కాలవ గట్టుకు గుద్దుకుని నడుం విరిగింది. స్తంభం ఒక్కటీ ఒరగలేదు.

తరవాత కంపెనీ వారు పేపర్లో ప్రకటన వేసుకున్నారు: "తుఫానుకు తలవంచని తీరవాణి!" హోటళ్ళలో ఒక్క పూట కూడా నెట్టు ఆగలేదట. తలవంచలేదు, నిజమే. తలకాయ ఎవరు పట్టుకున్నారో ప్రకటనలో లేదు.

4. నేరము చేసిన విధము.

షెల్టరు ఆఫీసు గదిలో సదరు కంపెనీ లైనే ఒకటి ఉంది. గాలి తగ్గాక గంగాధరరావు గారు, "తడిసినయ్యేమో చూడండిరా. రేప్పొద్దున అప్పగించమంటే వెలిగే వస్తువే అప్పగించాలి" అన్నారు. సరేనని ఒక్కొక్క బాక్సే తెచ్చి ఆ లైనుకు తగిలించాం. పచ్చదీపం వెలగగానే తీసి, తుడిచి, మళ్ళీ కవరులో చుట్టాం. ప్రతి దీపానికీ షెల్టరంతా చప్పట్లు. వీరమ్మ గారి బాక్సు కొంచెం ఆలస్యంగా వెలిగితే ఆవిడ గంగమ్మకు మొక్కుకుంది కూడా.

ఆ పచ్చదీపాలు ఒక్కొక్కటీ కంపెనీ కంప్యూటరులో మా మీద సాక్ష్యం చెబుతున్నాయని మాకు తెలియదు.

ఇళ్ళకు తిరిగొచ్చి, బురద తోడుకుని, బాక్సు గోడకు తగిలిస్తే ఎర్రదీపం. ఊళ్ళో అందరి ఫోన్లకూ ఒకే సందేశం: "ప్రియమైన కస్టమర్, మీరు పరికరాన్ని అనుమతి లేకుండా వేరే చిరునామాకు తరలించి దుర్వినియోగం చేసినందున మీ ఉచిత పథకం ఉపసంహరించడమైనది. మీ చిరునవ్వే మా లక్ష్యం."

దివిసీమ లంకల్లో కూడా షెల్టర్లకు బాక్సులు మోసుకెళ్ళి వెలిగించి చూసుకున్నవారందరికీ ఇదే సందేశం వచ్చిందని అవనిగడ్డ మిత్రులు చెప్పారు. ఎక్కడ మనుషులు నిజాయితీగా ఉన్నారో అక్కడే పథకం రద్దయింది. బాక్సును నీళ్ళకు వదిలేసినవాడికి కనీసం దొంగ అనే పేరు రాలేదు.

5. ఇందువలన ఎవరికి నష్టము.

సినిమాలు ఆగిపోయాయని మేం ఏడవడం లేదు. (కొందరు ఏడుస్తున్నారు. వారి పేర్లు అర్జీలో రాయను.)

లిఖితకు తొమ్మిదేళ్ళు. పుట్టుకతో వినపడదు. నెట్టు వచ్చేదాకా ఆ పిల్లకు ఊళ్ళో పేరు కూడా సరిగా లేదు, 'మూగపిల్ల' అనేవారు. నేనూ అన్నాను. నెట్టు వచ్చాక విజయవాడలో సుమలత గారనే టీచరమ్మ దొరికారు. ఆవిడకూ వినపడదు. సాయంత్రం పూట వీడియోలో ఊరూరి పిల్లలకు చేతిభాష నేర్పుతారు. లిఖిత వెనక సునీత కూర్చునేది, సునీత వెనక వీరమ్మ గారు, కిటికీలోంచి ఇరుగుపొరుగు. పాఠం పిల్లకు, చదువు వీధి మొత్తానికి.

ఒక మధ్యాహ్నం వీరమ్మ గారు వీధిలోకి పరిగెత్తుకొచ్చింది, ఒక చేతిలో గరిటె. "ఓలమ్మో! నా మనవరాలు నన్ను తిట్టిందే!" అని అరుస్తోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పులుసులో ఉప్పు ఎక్కువైందని పిల్ల చేతులతో చెప్పిందట, ఇంకోసారి ఇలా వండితే తిననని కూడా చెప్పిందట. అన్నేళ్ళకు అది మొదటి ఫిర్యాదు. ఆవిడ ఆ రోజు ఇంటింటికీ తిరిగి ఆ తిట్టు చేసి చూపించింది.

చేపలన్నిటికీ సుమలత గారి దగ్గర ఒకటే సంజ్ఞ ఉండేది. లిఖిత ఆవిడకు చందువా వేరు, మాగ వేరు, పీత వేరు అని నేర్పింది. మనుషులకూ పేర్లు పెట్టింది. నా పేరుకు పెట్టిన సంజ్ఞ పొంగిపోతున్న పాలగిన్నె. వరుణ్ గారికి పక్కకు నడిచే పీత. దీని మీద కంపెనీ వారు పరువు నష్టం దావా వేయదలిస్తే ఊరు మొత్తాన్ని ముద్దాయిలుగా చేర్చుకోగలరు, ఎందుకంటే ఆయన పేరు ఇప్పుడెవరూ నోటితో పలకడం లేదు.

దీపం ఎర్రబడిన రోజు సాయంత్రం పిల్ల జడ వేయించుకుని, బొట్టు పెట్టుకుని, అలవాటు చొప్పున బాక్సు ముందు కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. 'పథకం ఉపసంహరణ' అన్న మాటకు మాకు సంజ్ఞ తెలియదు. మూడో సాయంత్రం తల్లిని అడిగింది: టీచరు చచ్చిపోయిందా?

సెల్లులో చూసుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చును. మా పాలెంలో సిగ్నలు ఒక గీత ఉంటే పండగ. మెసేజి వెళ్తుంది, వీడియో బిగుసుకుపోతుంది. మాట్లాడేవాళ్ళకు బొమ్మ ఆగినా గొంతు వినిపిస్తుంది. చేతితో మాట్లాడేవాళ్ళకు బొమ్మ ఆగితే మాట నోట్లోనే తెగిపోయినట్టు.

ఇప్పుడు సుమలత గారు చెప్పగా ఒక బడివారు లిఖితను చూస్తామన్నారు. వినపడని ఆడపిల్లలకు హాస్టలుతో సహా చదువు చెప్పే బడి. గురువారం ఉదయం పదిన్నరకు వీడియోలో చూస్తారు. పిల్ల తన చుట్టూ ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడుతుందో, వాళ్ళు తనతో ఎలా మాట్లాడతారో చూడాలట, ఇంట్లో ఆ భాష బతికి ఉన్న పిల్లనే తీసుకుంటారట. ఉన్నది ఒక్క ఖాళీ. గురువారం తెర మీద లిఖిత కనిపించకపోతే ఆ ఖాళీ ఇంకొక పిల్లది అవుతుంది. ఆ పిల్ల మీద మాకు కోపం లేదు. ఉన్న కోపమంతా ఒకే చిరునామాకు దాచి ఉంచాం.

6. కంపెనీ ఆఫీసులో జరిగిన సంభాషణ.

గంగాధరరావు గారు, వీరమ్మ గారు, సునీత అక్క, లిఖిత, నేను కలిసి బందరు కోనేరు సెంటరు పక్క సందులో ఉన్న కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. ఏసీ గది. వరుణ్ గారు పెద్దాయన్ని గుర్తుపట్టనట్టే కూర్చున్నారు. ఎర్రదీపం సంగతీ, గురువారం బడివారు పిల్లను చూసే సంగతీ చెప్పాం.

"మీ ఊరి బాక్సులన్నీ ఒకేచోట కనపడినయ్యండీ సిస్టమ్‌లో. అంటే లైన్ బయటికి అమ్ముకుంటున్నట్టు లెక్క."

"తుఫాను బాబూ" అంది వీరమ్మ గారు.

"సిస్టమ్‌కి తుఫాను తెలీదు మామ్మగారూ."

"నీకు తెలుసుగా. నువ్వు చెప్పు దానికి."

ఆయన మౌసు కదిలించుకుంటూ కూర్చున్నారు.

నేను అడిగాను. "సరే సార్. బాక్సు ఇంట్లో వదిలేసి వెళ్ళుంటే?"

"నీళ్ళలో మునిగితే డ్యామేజీ మీదేనండీ. కంపెనీ ఆస్తి కదా."

"మోసుకెళ్తే దొంగలం. వదిలేస్తే నష్టం మాది. మరేం చెయ్యాలి?"

"ముందుగా కస్టమర్ కేర్‌కి రిక్వెస్ట్ పెట్టుకోవాలండీ. ఏడు పనిదినాల్లో మావాళ్ళొచ్చి షిఫ్ట్ చేస్తారు."

వీరమ్మ గారు గంగాధరరావు గారి వైపు తిరిగింది. "తుఫాన్ని ఏడు రోజులు ఆగమనాల్సింది బావా. మనదే తప్పు."

గంగాధరరావు గారు నవ్వలేదు. "బాబూ, నువ్వు మా అరుగు మీద తాంబూలం పుచ్చుకున్నావు" అన్నారు.

"టర్మ్స్ అండ్ కండిషన్స్ అప్పుడప్పుడూ మారుతుంటయ్యండీ."

అయ్యా, ఆ ఒక్క వాక్యం దగ్గర మా పెద్దాయన ముఖం చూసినవాణ్ణి నేను. ఎనభై ఏళ్ళ మనిషి, ఎన్నో తగువులు తీర్చిన మనిషి, ఎదుటివాడు అబద్ధం ఆడుతున్నందుకు తను తల దించుకున్నాడు. దాని బాకీ కూడా ఈ అర్జీలో కలిపి ఉంది.

ఒక దారి ఉందన్నారు వరుణ్ గారు. 'పరికరాన్ని దుర్వినియోగం చేశాము' అని ఒప్పుకుంటూ సంతకం పెట్టి డబ్బు కట్టే పథకంలో చేరితే దీపం పచ్చబడుతుందట. నేను లేచి నిలబడ్డాను. సునీత అక్క నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"నేను పెడతానండీ సంతకం. ఎక్కడ?" అంది. ఎవరి వైపూ చూడలేదు. "నా కూతురి కన్నా ఎక్కువేం కాదు నాకు ఊరి పరువు. ఏమనుకుంటారో అనుకోండి."

"పెట్టమ్మా" అన్నారు గంగాధరరావు గారు. "నిన్ను తప్పనేవాడెవడో నేను చూస్తాను."

వరుణ్ గారు కీబోర్డు మీద ఏదో కొట్టి తల ఊపారు. "ఒక్క ఇంటికి అవ్వదండీ. బ్లాక్ మొత్తం ఫ్లాగ్ అయింది. ఊరంతా పెట్టాల్సిందే. అయినా ఇంటర్వ్యూకేగా? పాపని బస్సెక్కించి విజయవాడ తీసుకెళ్ళండి."

"వాళ్ళు చూస్తానన్నది పిల్ల ఊళ్ళోవాళ్ళతో ఎలా మాట్లాడుతుందో బాబూ" అంది సునీత. "ఊరిని ఎక్కించాలా బస్సు?"

ఆయన గడియారం చూసుకున్నారు. చెయ్యని దొంగతనం ఊరంతా ఒప్పుకోవడం కుదరని పని.

ఈ లోపల లిఖిత మా పక్కన లేదు. ఆఫీసు ముందు గదిలో పెద్ద తెర, దాని మీద బోర్డు: "రండి, ఉచితంగా వాడి చూడండి!" పిల్ల రెండో తరగతి తెలుగుతో ఆ బోర్డు చదువుకుని, వెళ్ళి కూర్చుని, టీచరమ్మకు వీడియో కలిపేసింది. తెర మీద సుమలత గారు నిలువెత్తున నవ్వుతున్నారు. ఆవిడ బతికే ఉన్నారని పిల్ల తన కళ్ళతో చూసుకుంది. అన్ని సాయంత్రాల మాటలూ ఒక్కసారి వచ్చినట్టు ఆ చేతులు ఆగలేదు. సెక్యూరిటీ ఆయన వచ్చి "పాపా, టైమైపోయింది" అన్నాడు, నోటితో. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన కాసేపు నిలబడి, వరుణ్ గారి గది వైపు చూసి, తెర ఆపకుండా తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన పేరు రాయను, ఉద్యోగం పోతుంది.

7. సాక్ష్యాధారాలు.

కాగితం లేదు. ఫ్లెక్సీ ఉంది. స్తంభాలు వేసిన రోజు కంపెనీ వారే ఊరి మొదట్లో కట్టారు: వరుణ్ గారు బొటనవేలు ఎత్తి నవ్వుతున్న బొమ్మ, కింద "స్తంభం ఉన్నంత కాలం ఉచితం, ఇది తీరవాణి మాట." రద్దు సందేశం వచ్చిన మర్నాడు, మగవాళ్ళు వేటలోనూ ఆడవాళ్ళు మార్కెట్లోనూ ఉండే వేళ చూసుకుని కంపెనీ వారు ఆ ఫ్లెక్సీ తీసుకెళ్ళడానికి మనిషిని పంపారు. అతను కర్రలు మాత్రం పట్టుకెళ్ళాడు. ఎందుకంటే ఫ్లెక్సీ అప్పటికే కుమారి పిన్ని ఎండుచేపల పాక మీద ఉంది. తుఫానుకు పైకప్పు లేచిపోతే పిన్ని దాన్ని విప్పి కప్పుకుంది. తమరు విచారణకు వస్తే పాకలోకి వంగి వచ్చి పైకి చూడవలెను. ఎండబెట్టిన సావిడాయి చేపల మీద వరుణ్ గారు తలకిందులుగా నవ్వుతూ ఉంటారు. అక్షరాలు చెక్కుచెదరలేదు. వాసనకు మాత్రం మేము బాధ్యులం కాము.

8. ఉపసంహరణ నోటీసు.

తీగ తెంపేద్దామన్నాను నేను. హోటళ్ళ తీగ మా నెత్తి మీదుగానే పోతోంది, వల కోసే కత్తి చాలు. దిబ్బ మీద ఊరంతా ఉండగా చెప్పాను. కుర్రాళ్ళు కేకలు వేశారు.

"ఎవరిదిరా ఆ తీగ?" అన్నారు గంగాధరరావు గారు.

"దొంగది."

"దొంగదైనా పరాయి సొమ్మే. ముట్టుకున్నవాడు రేపట్నుంచి నా పడవెక్కొద్దు."

"మనం ఎన్నాళ్ళిలా మంచోళ్ళుగా చావాలి మావయ్యా?"

ఆయన స్తంభాల వైపు తిరిగారు. తరవాత అడిగారు: "ఆ మోకులెవరియ్యిరా?"

అంతే. పున్నారావు బావ ముందు నవ్వాడు. పడవ విరిగాక ఆయన నవ్వడం అదే మొదలు.

కావున, కంపెనీ వారి భాషలోనే కంపెనీ వారికి తెలియజేయడమేమనగా: ప్రియమైన తీరవాణీ, మా నిబంధనలు, షరతులు మారినవి. మేము ఇన్నాళ్ళూ ఉచితంగా ఇస్తున్న కింది సేవలు ఉపసంహరించడమైనది. లైను చూడటానికి వచ్చేవారికి కుమారి పిన్ని ఇచ్చే మజ్జిగ. మా దిబ్బ మీదుగా వారి బండికి దారి. ఇకమీదట రోడ్డు చుట్టూ తిరిగి, ఇసుకలో నిచ్చెన మోసుకుని రాగలరు. తీగ మీద కొమ్మ పడితే మేమే తీసి ఫోను చేసి చెప్పే అలవాటు. మరియు స్తంభాలకు కట్టిన మోకులు. అవి మా పడవలవి. గురువారం సాయంత్రం విప్పుకుని ఇళ్ళకు తెచ్చుకుంటాం. స్తంభాన్ని వేలితో కూడా తాకం. తుఫాను తరవాత దిబ్బ సగం కోసుకుపోయింది, స్తంభాల మొదళ్ళు బయటపడి ఉన్నాయి, గాలి రోజూ వస్తుంది. వాటి సంగతి గాలీ అవీ మాట్లాడుకుంటాయి. అభ్యంతరాలుంటే కంపెనీ వారు మా ఊరికి ముందుగా రిక్వెస్ట్ పెట్టుకోవలెను. ఏడు పనిదినాల్లో మావాళ్ళు పరిశీలిస్తారు. వారి చిరునవ్వే మా లక్ష్యం.

ఇది బెదిరింపు అని కంపెనీ వారు తమరితో చెప్పగలరు. తమరే తేల్చండి. మన తాడు మనం తెచ్చుకోవడం ఏ సెక్షను కిందికి వస్తుందో నేను వెతికాను. రాలేదు.

9. కోరునది.

గురువారం ఉదయం పదిన్నర లోపల మా ఊళ్ళో పచ్చదీపం వెలగాలి. 'దుర్వినియోగం' అన్న మాటను కంపెనీ వారు మా అందరి ఫోన్లకూ అదే విధంగా సందేశం పంపి వెనక్కి తీసుకోవాలి. వరుణ్ గారు గంగాధరరావు గారి అరుగు దగ్గరికి వచ్చి, ఈసారి కూర్చోకుండా, నిలబడి మాట్లాడాలి. మూడోది తమరి పరిధిలో లేదని నాకు తెలుసు. అయినా రాశాను.

ఇంతదూరం చదివారంటే చిత్తగించినట్టే. చిత్తంలో ఏమన్నా కదిలితే తమరి ఫోను ఒక్కటి చాలు. కదలకపోతే ఫైలు కట్టేసుకోగలరు, గురువారం మాత్రం తమరి అనుమతి కోసం ఆగదు.

గురువారం ఉదయం తొమ్మిదిన్నర దాకా
తమ విధేయుడు,
లంకే నాగబాబు
పొన్నదిబ్బపాలెం

తా.క.: కలెక్టరు గారు ఇక్కడితో ఆపవచ్చును. ఈ అర్జీ నకళ్ళు మంగినపూడి, పెడన, అవనిగడ్డ ఆటోస్టాండ్లలో అంటిస్తున్నాం. కింద రాసింది అక్కడ నిలబడి చదివేవారికి.

అన్నల్లారా, అక్కల్లారా, బావల్లారా! పిల్లని బస్సెక్కించమన్నాడు కదా మేనేజరు. ఊరినే ఎక్కిస్తున్నాం, అయితే విజయవాడకు కాదు. గురువారం వేట బంద్. తీరవాణి ఆఫీసు ముందు గదిలో "ఉచితంగా వాడి చూడండి" అని వాళ్ళే పిలిచారు. వెళ్ళి వాడి చూద్దాం. లిఖిత ఆ తెర ముందు కూర్చుంటుంది, దాని నాయనమ్మ పక్కన, అమ్మానాన్నా వెనక, ఆ వెనక మనందరం. పదిన్నరకు బడివాళ్ళు చూసేది మనల్నే. బాక్సులన్నీ ఒక ఆటోలో వస్తాయి, తుడిచి, కవర్లలో చుట్టి. పచ్చదీపం రాకపోతే వాటిని లెక్కచెప్పి అక్కడే అప్పగించి వస్తాం. పరాయి సొమ్ము మన ఇంట్లో వద్దు.

దివిసీమ వాళ్ళు మీ బాక్సులు కూడా తెచ్చుకోండి. కర్రలు, రాళ్ళు తెచ్చినవాణ్ణి గంగాధరరావు మావయ్య బస్సు దించేస్తాడు. నేను నినాదాలు రాసుకున్నాను, రెండు పేజీలు, మంచివి. రాత్రి లిఖితకు చూపించి ఎలా అరుస్తానో చేసి చూపించాను. అది నా నోటి వైపు చూసి, కాగితం తీసుకుని మడిచి నా జేబులో పెట్టి, చేతులతో చెప్పింది: నువ్వు అరిస్తే నాకేం తెలుస్తుంది మావయ్యా, నాతో మాట్లాడు.

అందుకని నినాదాలు లేవు. ఎవరూ నోరు తెరవొద్దు. ఏసీ గదిలో వందమంది నోరు మూసుకుని చేతులతో మాట్లాడుకుంటుంటే అందులో ఒక్క ముక్క కూడా అర్థంకాక వరుణ్ గారు నిలబడి చూడాలి. మన మాట ఆయనకు ఇన్నాళ్ళూ వినపడలేదు, ఆ రోజు కనపడుతుంది. భాష రానివాళ్ళు బుధవారం సాయంత్రం వీరమ్మ గారి వాకిట్లోకి రండి, కనీసం నీ పేరేంటి, అన్నం తిన్నావా, బాగా చదువుకో అన్నంతవరకు ఆవిడ నేర్పుతుంది. ఉప్పు ఎక్కువైంది అన్నది కూడా నేర్పుతానంటోంది.

గురువారం, ఉదయం తొమ్మిదిన్నర, బందరు కోనేరు సెంటరు. సంచులు, గొడుగులు ఇళ్ళ దగ్గరే వదిలేసి రండి. చేతులు ఖాళీగా ఉండాలి.